ముందు ఏరాలా, ముందు కుదించాలా?

విజయవాడలో ఒక ముద్రణ సంస్థకు కొన్నేళ్లపాటు సర్వర్లు చూసిపెట్టాను. పుస్తకాలు, పంచాంగాలు, శుభలేఖలు, స్కూలు డైరీలు అన్నీ అక్కడే తయారయ్యేవి. ఫైల్ సర్వర్‌లో ఏ ఫోల్డర్ తెరిచినా ఒకటే వరస: ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కరెక్టెడ్, ఫైనల్ ఓకే, అసలు ఫైనల్. మూడొందల పేజీల పుస్తకంలో ఒక్క అచ్చుతప్పు దిద్దినా డీటీపీ ఆపరేటర్ కొత్త పేరుతో సేవ్ చేసేవాడు. అతన్ని తప్పుపట్టలేం. పాత ప్రూఫే బాగుందంటూ రచయిత వారం తర్వాత తిరిగొస్తాడని అతనికి అనుభవం. డిస్కు మాత్రం నెల తిరిగేసరికి నిండిపోయేది.

డిస్కు నిండితే సర్వర్లు చూసేవాళ్ల సంచిలో ఉండే మందులు రెండు. ఒకటి కంప్రెషన్: ఫైలును కుదించి పెట్టడం. రెండోది డీడూప్లికేషన్, మా వాడుకలో డీడూప్: ఒకే డేటా పదిచోట్ల ఉంటే ఒక్కటి ఉంచి, మిగతా తొమ్మిదిచోట్ల "అక్కడ చూడు" అని చీటీ అంటించడం. రెండూ కలిపి వేసుకుంటే గుణం రెండింతలని అమ్మేవాళ్లు చెబుతారు. కొన్నిచోట్ల నిజమే. కొన్నిచోట్ల ఒక మందు రెండోదాన్ని పనిచేయనివ్వదు. ఎక్కడ ఏమవుతుందన్న ప్రశ్న మీద పాతికేళ్లుగా పరిశోధనా పత్రాలు, ఉత్పత్తులు, వాదనలు పేరుకున్నాయి. వాటిలో నాకు నిలిచినవి ఇక్కడ చెబుతాను.

మొదట ఒక సంగతి. ఈ రెండూ వేర్వేరు విద్యలు కావు. 1977లో అబ్రహం లెంపెల్, జాకబ్ జివ్ చెప్పిన పద్ధతి తీసుకోండి. డేటా చదువుకుంటూ పోతుంటే ఇంతకుముందు వచ్చిన వరసే మళ్లీ ఎదురైందనుకుందాం. దాన్ని తిరిగి రాయకుండా "ఇన్ని బైట్లు వెనక్కి వెళ్లి, ఇన్ని బైట్లు తెచ్చుకో" అని రాస్తే చాలు. జిప్, జీజిప్ ఫైళ్ల లోపల పనిచేసే డిఫ్లేట్ దీని సంతానమే. డీడూప్ చేసేదీ ఇదే, మళ్లీ వచ్చినదాని స్థానంలో చీటీ పెట్టడం. తేడా అల్లా ఎంత దూరం కనిపిస్తుందన్నదే. డిఫ్లేట్ జ్ఞాపకం 32 కేబీ. యూనికోడ్ యూటీఎఫ్-8 రూపంలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి కాబట్టి, అచ్చు పుస్తకం లెక్కలో అది ఏడెనిమిది పేజీలకు మించదు. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీని మరిచిపోతుంది. డీడూప్‌కు డిస్కు మొత్తం కనిపిస్తుంది. నిన్నటి ఫోల్డర్, పక్కవాడి ఫోల్డర్, మూడేళ్ల కిందటి బ్యాకప్ అన్నీ దాని పట్టికలో ఉంటాయి. కాకపోతే దగ్గరివి దానికి ఆనవు. ఒక వాక్యం మళ్లీ వచ్చిందని అది గమనించదు, కేబీల కొద్దీ ముక్క యథాతథంగా మళ్లీ వస్తేనే పట్టుకుంటుంది.

దూరం చూసేవాడు ముందు నడవాలి, దగ్గర చూసేవాడు వెనక రావాలి. చిక్కంతా ఈ క్రమం తప్పినప్పుడే.

ఎందుకో ఒక ఫైలు లోపలికి వెళ్లి చూద్దాం. పుస్తకం మూడో పేజీలో "వెల్లెను"ను "వెళ్లెను"గా దిద్దాం. కుదించని ఫైలులో ఆ ఒక్క చోటే బైట్లు మారాయి, ముందూ వెనకా అన్నీ యథాతథం. ఇప్పుడు అదే ఫైలును జీజిప్ చేయండి. ఆ పదాన్ని చూసి "వెనక్కి వెళ్లి తెచ్చుకో" అని రాసుకున్న తర్వాతి చోట్లన్నీ మారతాయి. డిఫ్లేట్ అంతటితో ఆగదు. వచ్చిన ఫలితానికి మళ్లీ హఫ్‌మన్ సంకేతాలు తొడుగుతుంది. తరచుగా వచ్చేదానికి పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడుగు సంకేతం ఇచ్చే ఈ పద్ధతి 1952 నాటిది. ఎక్కడో ఒక లెక్క మారితే సంకేతాల పొడవులూ మారతాయి. పైగా ఈ సంకేతాలు బైట్ల హద్దులో ఆగవు, బిట్ల వరసగా పోతాయి. ఎక్కడైనా మూడు బిట్లు పెరిగాయంటే ఆ తర్వాత వచ్చేదంతా మూడు బిట్లు పక్కకు జరుగుతుంది. సమాచారం అదే అయినా ఒక్క బైటూ పాత బైటులా కనబడదు. చీర కుచ్చిళ్లలో మొదటి మడత అంగుళం జరిగితే చివరిదాకా అంచు తప్పినట్టే. డీడూప్ వచ్చి చూస్తే మూడో పేజీ దాకా ఏమైనా పోలికలు దొరుకుతాయేమో గానీ, అక్కణ్నుంచి 300వ పేజీ దాకా అంతా కొత్తే.

దీన్ని పట్టుకుని "కంప్రెస్ చేసిన ఫైళ్లు డీడూప్ కావు" అని ఒక నానుడి తయారైంది. అది సగమే నిజం. ఒకే జిప్ ఫైలును పదిమంది తమతమ ఫోల్డర్లలో పెట్టుకుంటే ఆ పదీ బైటుబైటుకూ సమానం, చక్కగా ఒక్కటైపోతాయి. పెళ్లి ఫోటోల జేపీజీలైనా, సినిమా పాటల ఎంపీ3లైనా అంతే. కంప్రెషన్ దెబ్బ తీసేది అచ్చమైన నకళ్లను కాదు, కొంచెం మారిన నకళ్లను. ఈ తేడా పట్టించుకోకుండా మాట్లాడేవాళ్లు చాలామంది.

మరి మామూలు ఆఫీసు కంప్యూటర్లలో అచ్చమైన నకళ్లెన్ని, మారిన నకళ్లెన్ని? దీనికి మంచి జవాబు 2011లో డచ్ మేయర్, విలియం బొలోస్కీ ఇచ్చారు. మైక్రోసాఫ్ట్‌లోని 857 డెస్క్‌టాప్ కంప్యూటర్ల ఫైల్ సిస్టమ్‌లను నాలుగు వారాలపాటు పరిశీలించారు. ఫైళ్లను ముక్కలు చేయకుండా, మొత్తం ఫైలు మొత్తం ఫైలుతో సరిపోతుందా అని మాత్రమే చూస్తే, అతి సూక్ష్మంగా ముక్కలు చేసి సాధించగల ఆదాలో దాదాపు ముప్పాతిక వచ్చేసింది. బ్యాకప్ ప్రతుల విషయంలో ఆ వాటా 87 శాతం. అంటే జనం ఎక్కువగా చేసేది కాపీ కొట్టి పడేయడమే. జిప్ చేసుకున్నా, చేసుకోకపోయినా ఆ భాగం ఆదా దక్కుతుంది. తగాదా అంతా మిగతా పావు దగ్గరే. అయితే మా ముద్రణ సంస్థలాంటి చోట, అంటే ప్రతి ఫైలుకూ కొద్దికొద్దిగా మారిన పది రూపాలుండే చోట, అసలు సరుకు ఆ పావులోనే ఉంటుంది.

ఇక్కడ నా నిర్వాకం ఒకటి చెప్పాలి. అకౌంట్స్ డేటాబేస్ మొత్తాన్ని రోజూ రాత్రి ఒక టెక్స్ట్ ఫైలుగా దించి, జీజిప్‌తో కుదించి, డీడూప్ ఉన్న బ్యాకప్ పెట్టెలోకి పంపే స్క్రిప్టు రాసింది నేనే. కుదిస్తే మంచిదే కదా అనుకున్నాను. రోజుకు మారేది నాలుగు బిల్లులు, పది ఎంట్రీలు. అయినా పెట్టె రోజూ ఒక పూర్తి ఫైలంత మేర పెరుగుతూ పోయింది. పెట్టె పాడైందేమోనని వారం రోజులు దాన్నే తిట్టుకున్నాను. చివరికి స్క్రిప్టులోంచి జీజిప్ అన్న ఒక్క మాట కొట్టేశాను. ఆ రాత్రి నుంచి వైరు మీద వెళ్లే డేటా అనేక రెట్లయింది, డిస్కు మీద పెరిగేది మాత్రం దాదాపు ఆగిపోయింది. పెట్టె లోపల ముందు నకళ్లు ఏరి, మిగిలిన ముక్కలను తనే కుదించుకునేది. నేను ముందే కుదించి పంపి దాని కళ్లకు గంతలు కట్టాను. వైరు నెమ్మదిగా ఉందనిపిస్తే పంపేదారిలో కుదించి, చేరినచోట విప్పే ఏర్పాట్లున్నాయి. కుదించిన రూపంలోనే భద్రపరచడం దగ్గర వచ్చింది తంటా.

అచ్చమైన నకళ్ల దగ్గర కూడా జీజిప్ ఒక చిన్న కొంటెపని చేస్తుంది. దాని ఫైలు మొదట్లో 10 బైట్ల తలకట్టు ఉంటుంది. అందులో 4 బైట్లు మూల ఫైలు చివరిసారి మారిన సమయానివి. ఆ వెనకే మూల ఫైలు పేరు కూడా రాసి పెడుతుంది. లోపలి సరుకు ఒకటే అయినా సమయం వేరైతే ఆ 4 బైట్లు తేడా. పేరు రెండక్షరాలు పొడుగైతే ఆ తర్వాతి బైట్లన్నీ జరుగుతాయి. డీడూప్ ఫైలును సమానమైన కొలతతో కోసేదైతే ఆ జరుగుబాటు చాలు, ఒక్క ముక్కా కలవదు. అందుకే పేరూ సమయమూ రాయొద్దని చెప్పే "ఎన్" అనే ఐచ్ఛికం ఆ ప్రోగ్రాంలో ఉంది. తెలియక వాడనివాళ్లే ఎక్కువ.

ఫైలును ఎక్కడ కోయాలన్నది ఈ శాస్త్రంలో అందమైన భాగం. సమాన కొలతతో, ప్రతి 4 కేబీకో 8 కేబీకో కోయడం సులువు. కానీ పుస్తకం మొదట్లో ఒక పేరా చేర్చితే కోతలన్నీ తప్పుతాయి. ఇరవై పంక్తులకో ముక్క చేసే బదులు పేరా ముగిసినచోటల్లా కోశామనుకోండి. మొదట్లో ఏం చేర్చినా ఆ ఒక్క పేరానే కొత్తది, మిగతావి పాతవాటితో కలుస్తాయి. బైట్ల ప్రపంచంలో పేరాలుండవు కాబట్టి వాటిని కృత్రిమంగా కనిపెట్టాలి. 2001లో ఎంఐటీ నుంచి వచ్చిన ఎల్‌బీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ చేసింది అదే. ఫైలు మీద 48 బైట్ల కిటికీని జరుపుకుంటూ పోతుంది. అడుగడుగునా ఆ కిటికీలో ఉన్నదానికి రాబిన్ వేలిముద్ర అనే సంఖ్యను లెక్కిస్తుంది. ఆ సంఖ్య చివరి 13 బిట్లు ముందే అనుకున్న విలువకు సరిపోయినచోట కత్తి వేస్తుంది. 13 బిట్లంటే 8,192లో ఒకసారి, కాబట్టి ముక్క సగటున 8 కేబీ. ఎక్కడ కోయాలో కొలబద్ద చెప్పదు, సరుకే చెబుతుంది.

ఈ ఆలోచనను కంప్రెషన్ వాళ్లు కూడా అరువు తెచ్చుకున్నారు. జీజిప్‌లో "ఆర్‌సింకబుల్" అనే ఐచ్ఛికం పెడితే, సరుకును బట్టి నిర్ణయించిన చోట్ల అది తన సంకేతాల వరసను ముగించి కొత్తగా మొదలెడుతుంది. మూడో పేజీలో దిద్దిన తప్పు ప్రభావం చాలావరకు అలాంటి తర్వాతి చోటు దాకానే ఉంటుంది, అక్కణ్నుంచి బైట్లు మళ్లీ పాతవాటితో కలుస్తాయి. ఫైలు కొంచెం లావవుతుంది, అంతే. జెడ్‌స్టాండర్డ్ అనే మరో కంప్రెషన్ ప్రోగ్రాంలోనూ ఈ సదుపాయం ఉంది. కుదించక తప్పని చోట ఇది నాకు నచ్చిన రాజీ.

రోజూ చేతిలో ఉండే వర్డ్ ఫైలునే చూడండి. 2007కు ముందున్న డాక్ ఫైలు కుదించని బైనరీ ముద్ద. ఆఫీస్ 2007తో వచ్చిన డాక్ఎక్స్, ఎక్సెల్‌షీట్ల ఎక్స్ఎల్ఎస్ఎక్స్, రెండూ నిజానికి జిప్ సంచులు. నమ్మకపోతే పొడిగింపు మార్చి తెరిచి చూడండి. డాక్ఎక్స్ లోపల డాక్యుమెంట్ అనే ఎక్స్ఎంఎల్ ఫైలు, బొమ్మలుంటే మీడియా అనే ఫోల్డర్ కనిపిస్తాయి. ఒక కామా మార్చినా ఆ ఎక్స్ఎంఎల్ మొత్తం కొత్తగా కుదించబడుతుంది. కానీ జిప్‌లో ప్రతి లోపలి ఫైలూ విడివిడిగా కుదించబడుతుంది కాబట్టి మీడియా ఫోల్డర్‌లోని బొమ్మల బైట్లు పాతవే. కోత సరుకును బట్టి వేసే డీడూప్ అయితే ఆ పెద్ద బొమ్మలను గుర్తుపడుతుంది. అందుకే బొమ్మలున్న ప్రజెంటేషన్ల పది రూపాలు బాగానే కలుస్తాయి, ఉత్త అక్షరాల డాక్ఎక్స్ పది రూపాలు కలవవు. అయితే ఆ అక్షరాల ఫైళ్లు ఎంతుంటాయి, యాభై కేబీ, వంద కేబీ. వాటికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. సెవెన్‌జిప్ "సాలిడ్" మూటల సంగతి వేరు. అక్కడ ఫైళ్లన్నీ ఒకే తాడులా పేని కుదించబడతాయి, ఒక్క పోగు మారితే ఆ వెనకదంతా కొత్త తాడే.

ఏరడం ముందు, కుదించడం తర్వాత అని ఒప్పుకున్నాక అసలు బేరం మొదలవుతుంది: ముక్క ఎంత ఉండాలి? చిన్న ముక్కలైతే పోలికలు ఎక్కువ దొరుకుతాయి. కానీ చిన్న ముక్కను విడిగా కుదిస్తే ఫలితం తక్కువ, వెనక్కి చూసి తెచ్చుకోవడానికి అందులో ఏముంటుంది? పైగా ముక్కలెన్నో పట్టికలో వరసలన్ని. పెద్ద ముక్కలైతే ఇదంతా తిరగబడుతుంది. రెండు ఆదాలూ ఒకే కుండలోంచి తోడుకునే నీళ్లు.

ఈ బేరాన్ని ఆచరణలో తూచి చూసినవాళ్లలో ముఖ్యులు విండోస్ సర్వర్ 2012 డీడూప్‌ను తయారుచేసిన బృందం. ఒక పెద్ద బహుళజాతి కంపెనీలో రెండువేల మందికి పైగా ఉద్యోగుల ఫైళ్లున్న 15 సర్వర్ల డేటాను పరిశీలించి, అదే ఏడాది యూజ్‌నిక్స్ సభలో ఫలితాలు ప్రకటించారు. అప్పటిదాకా 4 కేబీ, 8 కేబీ ముక్కలే మేలని బ్యాకప్ లోకం నమ్మకం. వీళ్లు ముక్కను అనేక రెట్లు పెంచితే పోలికల్లో పోయినదాన్ని కంప్రెషన్ చాలావరకు తిరిగి తెచ్చిపెట్టింది. పెద్ద ముక్క బాగా కుదించబడుతుంది కాబట్టి మొత్తం ఆదా దాదాపు అక్కడికక్కడే నిలిచింది, పట్టిక మాత్రం ఎన్నో రెట్లు చిక్కిపోయింది. అందుకే విండోస్ డీడూప్ ముక్కలు 32 నుంచి 128 కేబీ మధ్య ఉంటాయి. వాళ్లు గమనించిన మరో సంగతి: ముక్కలన్నీ సమానంగా కుదించబడవు. కంప్రెషన్ ఆదాలో సింహభాగం సగం ముక్కలే ఇచ్చాయి, మూడోవంతుకు దగ్గరగా ముక్కలు బొత్తిగా కుదించబడలేదు. జేపీజీలూ వీడియోలూ అప్పటికే ఎండిపోయిన చెరుకు పిప్పి, మళ్లీ గానుగలో పెడితే ప్రాసెసర్‌కు ఆయాసమే. అలాంటి ఫైళ్లకు ఏరడం మాత్రం చేసి, కుదించడం మానేసే జాబితా ఆ వ్యవస్థలోనే ఉంది.

బ్యాకప్ లోకం ఇంకో దారి పట్టింది. 2002లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన వెంటీ అనే వ్యవస్థ ప్రతి ముక్కనూ దాని ఎస్‌హెచ్‌ఏ-1 వేలిముద్ర పేరుతోనే భద్రపరిచింది, అంటే వేలిముద్రే చిరునామా. డేటా డొమైన్ అనే కంపెనీ ఇలాంటి ఆలోచననే వ్యాపారంగా మలిచింది. 2009లో ఆ కంపెనీ కోసం స్టోరేజ్ కంపెనీలు నెట్‌యాప్, ఈఎంసీ పోటీపడి వేలం పాడాయి, చివరికి ఈఎంసీ దాదాపు 210 కోట్ల డాలర్లకు దక్కించుకుంది. వాళ్ల ముక్క సగటున 8 కేబీ. చిన్నముక్క సరిగా కుదించబడదన్న చిక్కును వాళ్లు తేలిగ్గా విడదీశారు. నకళ్లు ఏరగా మిగిలిన కొత్త ముక్కలను వచ్చిన వరసలోనే కొన్నింటిని మూటగట్టి, ఆ మూటను కుదించారు. ఏరడానికి చిన్న కొలత, కుదించడానికి పెద్ద కొలత. వాళ్ల పరిభాషలో మొదటిది ప్రపంచవ్యాప్త కంప్రెషన్, రెండోది స్థానిక కంప్రెషన్. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది, అసలు సంగతి తెలిసినవాళ్లు పెట్టిన పేర్లు అవి.

ఇప్పుడు ఎదురుపాట. జెడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మాత్రం ముందు కుదిస్తుంది, తర్వాత ఏరుతుంది. 2009 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జెఫ్ బాన్‌విక్ దీనికి డీడూప్ చేర్చినట్టు ప్రకటించినప్పటి నుంచీ క్రమం ఇదే: బ్లాకును కుదించు, వేలిముద్ర తీయి, పట్టికలో వెతుకు. ఇంతసేపూ చెప్పినదానికి ఇది విరుద్ధం కదా? కాదు. జెడ్‌ఎఫ్ఎస్ మొత్తం ఫైలును ఒక తాడుగా కుదించదు. సాధారణంగా 128 కేబీ బ్లాకులుగా కోసి ఒక్కొక్కదాన్ని విడిగా కుదిస్తుంది. ఒకే బ్లాకును ఒకే పద్ధతిలో ఎన్నిసార్లు కుదించినా వచ్చే ఫలితం ఒకటే. కాబట్టి కుదించకముందు సమానమైనవి కుదించాక కూడా సమానమే. కంప్రెషన్ కొలత డీడూప్ కొలతను దాటనంతవరకు క్రమం తప్పినా ముప్పులేదు. నేను పైన చెప్పిన సూత్రానికి ఇదొక సవరణ, నిజానికి అసలు సూత్రం ఇదేనేమో.

కానీ "ఒకే పద్ధతిలో" అన్నమాట దగ్గర ఒక గొయ్యి ఉంది. జెడ్‌ఎఫ్ఎస్‌లో ఒక డేటాసెట్‌కు ఎల్‌జెడ్4 కంప్రెషన్, ఇంకోదానికి జెడ్‌స్టాండర్డ్ పెట్టామనుకోండి. ఒకే ఫైలు రెండుచోట్లా ఉన్నా వేలిముద్రలు వేరు, రెండు నకళ్లూ అలాగే ఉండిపోతాయి. ఆరునెలల తర్వాత ఎవరో మెరుగైన కంప్రెషన్ అని సెట్టింగు మార్చితే, ఆ రోజు తర్వాత రాసిందేదీ పాతదానితో కలవదు. ఎక్కడా ఎర్రర్ రాదు, చోటు మాత్రం కరిగిపోతుంది.

దానికి తోడు జెడ్‌ఎఫ్ఎస్ డీడూప్‌కు మెమరీ ఆకలి. పట్టికలో ఒక్కో బ్లాకుకు దాదాపు 320 బైట్లు అని వాడుకలో ఉన్న లెక్క. ఒక టీబీ డేటాను 128 కేబీ బ్లాకులుగా కోస్తే 83,88,608 బ్లాకులు, పట్టిక రెండున్నర జీబీ. అదే 8 కేబీ బ్లాకులైతే 40 జీబీ. పట్టిక మెమరీలో పట్టక డిస్కు మీదికి జారితే ప్రతి రాతకూ ముందొక వెతుకులాట, సర్వర్ నడక ఎడ్లబండి అవుతుంది. అందుకే ఎల్‌జెడ్4 మాత్రం పెట్టుకుని డీడూప్ జోలికి వెళ్లొద్దని ఏళ్లతరబడి అనుభవజ్ఞులు చెబుతూ వచ్చారు, నేనూ చెప్పాను. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్ఎస్ 2.3 ఈ పట్టికను కొత్తగా కట్టింది. ఎప్పటికీ జత దొరకని ఒంటరి బ్లాకుల వరసలను పట్టికలోంచి పెరికేసే వీలు కల్పించింది.

కొలతల గొడవ నెట్‌యాప్ చరిత్రలో ఇంకా స్పష్టం. వాళ్ల డీడూప్ 4 కేబీ బ్లాకుల మీద నడుస్తుంది. మొదట్లో వాళ్ల కంప్రెషన్ 32 కేబీ గుంపులుగా కుదించేది. ఎనిమిది బ్లాకుల గుంపులో ఒక్కటి మారినా గుంపు ఫలితమంతా మారి, మిగతా ఏడింటి పోలికలు మాయం. తర్వాత గుంపును 8 కేబీకి తగ్గించారు, రెండూ పొసగడం మొదలైంది. రెడ్‌హ్యాట్ 2017లో పర్మాబిట్ నుంచి కొన్న వీడీఓ అనే సాఫ్ట్‌వేర్, ఇప్పుడు లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్నది, ఇంకా సూటిగా పోతుంది. ముందు ఉత్త సున్నాల బ్లాకులను తీసేస్తుంది, తర్వాత 4 కేబీ బ్లాకుల్లో నకళ్లు ఏరుతుంది, మిగిలినవాటిని ఎల్‌జెడ్4తో కుదించి ఒక్కో 4 కేబీ బ్లాకులో 14 దాకా ఇరికిస్తుంది.

సున్నాల మాట వచ్చింది కాబట్టి, నిష్పత్తుల గురించి ఒకటి చెప్పాలి. డీడూప్ 10 రెట్లు, కంప్రెషన్ 2 రెట్లు, మొత్తం 20 రెట్లు అని కరపత్రాల్లో గుణిస్తారు. పది అచ్చమైన నకళ్లుండి, లోపలి సరుకు సగానికి కుదించబడేదైతే ఆ గుణకారం సరే. కానీ ఖాళీగా ఉన్న వర్చువల్ డిస్కులో సున్నాలన్నింటినీ డీడూప్ మింగగలదు, కంప్రెషన్ కూడా మింగగలదు. ఒక సున్నాను ఇద్దరూ తమ ఖాతాలో వేసుకుంటే ఆ గుణకారం దొంగలెక్క.

రెండూ కలిసి బతకలేక విడిపోయిన సంసారం కూడా ఒకటి ఉంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌లో ఒక ఉత్తరం వందమందికి వెళ్తే ఒక్క ప్రతి మాత్రమే దాచే ఏర్పాటు మొదటినుంచీ ఉండేది. ఎక్స్ఛేంజ్ 2010లో దాన్ని తీసేసి, ఉత్తరాల పాఠాన్ని కుదించడం చేర్చారు. పంచుకున్న ప్రతులకోసం డిస్కు ముల్లు అటూ ఇటూ పరిగెత్తాల్సి వచ్చేది. డిస్కులో చోటు చవకైంది, ముల్లు కదలిక ఖరీదుగానే ఉండిపోయింది. ఒక వ్యక్తి మెయిల్ అంతా వరసగా ఒకచోట ఉండి, కొంచెం కుదించబడితే చాలనుకున్నారు. ఎస్ఎస్‌డీలు రాజ్యమేలుతున్న ఈ రోజుల్లో అదే నిర్ణయం తీసుకునేవారా అంటే నాకు అనుమానమే.

తెలుగులో పనిచేసేవాళ్లకు మనదే అయిన చిక్కొకటి ఉంది. ముద్రణ సంస్థలో ఒకే కవితా సంపుటి మూడు రూపాల్లో ఉండేది: పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో, వెబ్ కోసం యూనికోడ్‌లో, అచ్చుకు పీడీఎఫ్‌గా. చదివేవాడికి మూడూ ఒకటే. డీడూప్‌కు మూడింటిమధ్య బీరకాయపీచు చుట్టరికం కూడా లేదు. యూనికోడ్‌లోనే రెండు ఫైళ్లున్నా పూచీలేదు. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు తోక తగిలించి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో కంటికి కనపడని విభజన గుర్తు ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. కంప్రెషన్‌కు మాత్రం మన లిపి పండగే. ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి. యూటీఎఫ్-8 మనమీద వేసిన మూడింతల భారంలో మంచి భాగాన్ని ఏ సాధారణ కంప్రెషన్ అయినా దించేస్తుంది.

ఎన్‌క్రిప్షన్ సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. మంచి ఎన్‌క్రిప్షన్ చేసిన డేటా యాదృచ్ఛికంగా కనిపిస్తుంది, అందులో ఏరడానికీ ఏమీ ఉండదు, కుదించడానికీ ఏమీ ఉండదు. కాబట్టి అది వరసలో చివర రావాలి.

పంచుకోవడంలో ప్రమాదం కూడా పంచుకోబడుతుంది. వంద ఫైళ్లు ఒకే ముక్క మీద ఆధారపడ్డాక ఆ ముక్క చెడితే వందా పోతాయి. అది కుదించిన ముక్క అయితే ఒక్క బిట్ తిరగబడినా అక్కణ్నుంచి చివరిదాకా పాడే. విండోస్‌లో ఒక ముక్కను వందకంటే ఎక్కువచోట్ల వాడుతుంటే దానికి అదనపు ప్రతి ఒకటి ఉంచుతారు. నకళ్లన్నీ ఏరిపారేసిన వ్యవస్థ తనకు కావాల్సిన నకలును తనే తిరిగి చేసుకుంటుంది.

ఆ ముద్రణ సంస్థలో చివరికి పెట్టింది విండోస్ డీడూపే. పేజ్‌మేకర్ ఫైళ్లు కుదించనివి కాబట్టి "ఫైనల్"లన్నీ ఒకదానిమీద ఒకటి చక్కగా పడుకున్నాయి. పాత పనులను జిప్ చేసి దాచే అలవాటు మాన్పించడానికే ఎక్కువ కష్టపడ్డాను. జిప్ చేస్తే చోటు మిగులుతుందని వాళ్లకు చెప్పింది నాకు ముందు పనిచేసినవాళ్లే, అప్పటికి అది నిజం కూడా.

కొన్ని నెలలకు ఒక సోమవారం ఆపరేటర్ నుంచి ఫోను.

"సార్, పాత ఫైనళ్లు రెండొందలు డిలీట్ చేశానండీ. డిస్కులో చోటు ఒక్క జీబీ కూడా పెరగలేదేంటండీ?"

ఎవరూ వాడని ముక్కలను ఊడ్చే పని విండోస్‌లో మామూలుగా శనివారం తెల్లవారుజామున 2 గంటల 35 నిమిషాలకు మొదలవుతుంది. అందాకా ఆగమన్నాను. ఆదివారం మళ్లీ ఫోను.

"కొంచెమే పెరిగిందండీ."

"ఎంత పెరగాలని?"

"రెండొందల ఫైళ్లండీ!"

ఆ రెండొందలూ కలిసి డిస్కు మీద ఎంత ఉన్నాయో అతనికి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. అసలు ఫైనల్ అలాగే ఉందా అని అడిగాను. ఉందన్నాడు. అయితే ఆ ఫైళ్ల సరుకంతా అందులోనే ఉందన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరైతే నేను తీసేసిందేంటండీ?" అన్నాడు.